‘5 నిమిషాల క్రితం’ అని సైటులో చూపించడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఉండే తెలుగువాళ్ల కోసం ఒక చిన్న సమాచార సైటు నడుపుతున్నాను. రైళ్ల మార్పులు, సంత ధరలు, రక్తం కావాలనే ప్రకటనలు, వంశధారలో నీటి మట్టం వంటివి అందులో ఉంటాయి. సంఘానికో గుడికో పాఠశాలకో సైటు చేసుకుంటున్నవాళ్లు కొందరు నాకు ఉత్తరాలు రాస్తుంటారు. వాటిలో ఎక్కువ ప్రశ్నలు కాలం చూపించడం గురించే. ప్రతిసారీ విడిగా జవాబు రాసే ఓపిక లేక అన్నీ ఇక్కడ పెడుతున్నాను. కోడ్‌లో వాడే పేర్లను కూడా తెలుగు లిపిలోనే రాశాను. మీ ఫైలులో మాత్రం అవి ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉండాలి.

తేదీ, సమయం రాస్తే సరిపోదా? ఈ ‘క్రితం’ ఎందుకు?

సగం చోట్ల తేదీయే సరిపోతుంది. అన్నిచోట్లా ‘క్రితం’ పెట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఎంత తాజాగా ఉందన్న దాని మీదే వార్త విలువ ఆధారపడినప్పుడు ఈ పద్ధతి పనికొస్తుంది. ‘కాశీనగర్ దగ్గర రోడ్డు మీదికి నీళ్లు వచ్చాయి’ అన్న ప్రకటన చూసినవాడికి తేదీ కన్నా ముందు కావలసింది ‘అది ఇప్పటి మాటేనా’ అన్న సంగతి. ‘12 నిమిషాల క్రితం’ అని ఉంటే వెంటనే అర్థమవుతుంది. మధ్యాహ్నం 2:48 అని ఉంటే గడియారం చూసి తీసివేత చేసుకోవాలి.

దీనికో ఎదురుదెబ్బ కూడా ఉంది. మన వైపు జనం లింకు పంపరు, తెరను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఫోటోలో ‘12 నిమిషాల క్రితం’ అన్న మాట శిలాశాసనంలా నిలిచిపోతుంది. నీళ్లు తీసేసిన మరునాడు కూడా ఆ ఫోటో తిరుగుతూనే ఉంటుంది. అందుకే ప్రమాదాలు, వరదలు, ఆస్పత్రులకు సంబంధించిన ప్రకటనల్లో రెండూ పక్కపక్కనే పెడతాను: ‘12 నిమిషాల క్రితం · జులై 21, మధ్యాహ్నం 2:48’. చోటు కొంచెం ఎక్కువ తీసుకుంటుంది. తీసుకోనివ్వండి.

ఎంతవరకు ‘క్రితం’ అనాలి? ఎక్కడి నుంచి తేదీ చూపించాలి?

నేను పాటించే హద్దులు ఇవి. 45 సెకన్ల లోపు ‘ఇప్పుడే’. గంట లోపు నిమిషాలు. అదే రోజైతే గంటలు. తరవాత ‘నిన్న రాత్రి 8:10’, ‘మొన్న ఉదయం 7:00’ అని సమయంతో సహా. వారం లోపు ‘మంగళవారం’ అని వారం పేరు. అది దాటితే తేదీయే. ‘3 వారాల క్రితం’ అనేది నాకు నచ్చదు. వారాలు లెక్కపెట్టుకుంటూ ఎవరు కూర్చుంటారు?

పాత సంగతులకైతే ‘క్రితం’ హానే చేస్తుంది. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున. ఆ గాలివానకు గజపతి జిల్లా కొండ ఊళ్లు ఎలా దెబ్బతిన్నాయో మా సైటులో ఒక పేజీ ఉంది. దాని మీద ‘ఇన్నేళ్ల క్రితం’ అని వేస్తే చదివేవాడికి ఒరిగేదేమీ లేదు. పరిహారం కాగితాల కోసం వెతుక్కునేవాడికి కావలసింది ఆ తేదీయే.

డేటాబేసులో ఏమి దాచాలి?

సంఘటన జరిగిన క్షణాన్ని దాచాలి. దానికి తగిన మాటను ఎప్పటికప్పుడు పుట్టించాలి. ‘2 రోజుల క్రితం’ అన్న మాటనే కాలమ్‌లో రాసి పెట్టిన సైటును కూడా నేను చూశాను. అక్కడ ఆరు నెలలుగా అన్నీ రెండు రోజుల నాటివే.

క్షణాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా పెట్టుకున్న సమయంలో (మన సమయం కన్నా ఐదున్నర గంటలు వెనక) దాచండి. తేదీలు రాసే అంతర్జాతీయ పద్ధతి ఐఎస్ఓ 8601 ప్రకారం రాస్తే చివర యూటీసీకి గుర్తైన ‘జడ్’ అక్షరం గానీ, మన సమయమైతే ‘+05:30’ గానీ తప్పక ఉండాలి. అంకెగా దాచేవాళ్లు 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో దాచుతారు. అదీ మంచిదే. అయితే జావాస్క్రిప్ట్‌లోని ‘డేట్’ మిల్లీసెకన్లను ఆశిస్తుంది. వెయ్యితో గుణించడం మరిచారంటే మీ నేటి వార్త 1970 జనవరి 20 ప్రాంతానికి వెళ్లి కూర్చుంటుంది. సైటులో అన్నీ యాభై ఏళ్ల పైబడిన వార్తలుగా కనిపిస్తే ముందు ఇది చూడండి.

ప్రకటన వేసిన వెంటనే ‘5 గంటల క్రితం’ అని వస్తోంది. ఎందుకు?

అందరికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. నేనూ ఈ గోతిలో పడినవాడినే.

సైటు కొత్తగా పెట్టిన రోజుల్లో ఒక ఉదయం పది గంటలకు రక్తం కావాలన్న ప్రకటన వేశాను. ఓ నెగటివ్, చాలా అత్యవసరం. అరగంట గడిచినా ఒక్క ఫోను కూడా రాలేదు. మామూలుగా రక్తం ఇచ్చే కుర్రాడికి నేనే ఫోను చేశాను. ‘చూశానండీ, ఐదారు గంటల క్రితం వేసింది కదా, ఈపాటికి దొరికే ఉంటుందనుకున్నాను’ అన్నాడు. పేజీ తెరిచి చూస్తే నిజంగానే ‘6 గంటల క్రితం’ అని ఉంది. ఆ కుర్రాడు అరగంటలో ఆస్పత్రికి చేరాడు కాబట్టి సరిపోయింది.

జరిగింది ఇది. సర్వర్ యూటీసీలో నడుస్తోంది, అక్కడ అప్పుడు సమయం 04:30. అది ఏ ప్రాంతపు సమయమో చెప్పకుండా ఉత్త ‘04:30’ అని పేజీకి పంపింది. ప్రాంతం గుర్తు లేని సమయాన్ని బ్రౌజర్ ఫోను ఉన్న చోటి సమయంగా తీసుకుంటుంది. అంటే మన దేశపు తెల్లవారుజాము నాలుగున్నర అనుకుంది. పదిలోంచి నాలుగున్నర తీస్తే ఐదున్నర, ఆపైన గడిచిన అరగంట. మొత్తం ఆరు.

కాబట్టి కొత్త ప్రకటన మీద తేడా సరిగ్గా ఐదున్నర గంటలు ఉంటే ఇంకెక్కడా వెతకకండి, ఇదే. ప్రకటన వెనక్కి కాకుండా ముందుకు పోయి ‘5 గంటల్లో’ అని వస్తే తప్పు తిరగబడిందన్నమాట: మన సమయాన్ని దాచి చివర ‘జడ్’ తగిలించారు.

ఇంకో రకం కూడా ఉంది. ఉత్త తేదీ రాసినప్పుడు, అంటే ‘2025-03-10’ అన్నప్పుడు, బ్రౌజర్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. అది మనకు ఉదయం 5:30. సమయం జోడిస్తే స్థానిక సమయం, తీసేస్తే యూటీసీ. ఈ నియమం పెట్టినవాళ్ల తర్కం నాకు ఇప్పటికీ మింగుడుపడదు, కానీ నియమం అదే.

ఇక్కడో పక్కమాట. ఆ ఐదున్నర గంటలకు మూలమైన 82°30′ తూర్పు రేఖాంశం మా కొరాపుట్ జిల్లా మీదుగానే పోతుంది, జయపురం పట్టణానికి కొద్ది కిలోమీటర్ల పడమరగా. దేశం మొత్తానికి గడియారం కుదిర్చిన గీత మా ఇంటి పక్కనుంచే వెళ్తున్నా సమయం తప్పు చూపించిన ఘనత నాది.

కోడ్ ఎంత రాయాలి? లైబ్రరీ తప్పనిసరా?

లైబ్రరీ, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్, అక్కర్లేదు. బ్రౌజర్‌లోనే ‘ఇంటల్.రిలేటివ్‌టైమ్‌ఫార్మాట్’ అనే సాధనం ఉంది. క్రోమ్‌లో 2018 చివర్లో 71వ వెర్షన్‌తో, ఫైర్‌ఫాక్స్‌లో 2019 మొదట్లో 65తో, సఫారీలో 2020లో 14తో వచ్చింది. మన జనం చేతుల్లోని ఫోన్లలో దాదాపు అన్నిటికీ ఇది చాలు.

వాడకం ఇలా: ‘న్యూ ఇంటల్.రిలేటివ్‌టైమ్‌ఫార్మాట్’ అని పిలిచి మొదటి విలువగా భాష కోడ్ ‘టీ ఈ’ ఇవ్వాలి, రెండో విలువలో ‘న్యూమరిక్’ను ‘ఆటో’గా పెట్టాలి. వచ్చిన వస్తువును ‘ఫార్మాట్’ అని పిలిచి -5, ‘మినిట్’ ఇస్తే ‘5 నిమిషాల క్రితం’ వస్తుంది. -1, ‘డే’ ఇస్తే ‘నిన్న’. -2 ఇస్తే ‘మొన్న’. ‘న్యూమరిక్’ను ‘ఆటో’ చేయకపోతే ‘నిన్న’ బదులు ‘1 రోజు క్రితం’ అని వస్తుంది. అలా ఏ తెలుగువాడూ మాట్లాడడు.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఎన్ని నిమిషాలు, ఎన్ని రోజులు అన్న లెక్క ఈ సాధనం చేయదు. ఇచ్చిన అంకెకు మాట మాత్రమే కూరుస్తుంది. నిమిషాలు చూపాలా గంటలు చూపాలా అన్న నిర్ణయం మీ కోడ్‌దే. భాగహారం చేశాక ‘మ్యాథ్.ట్రంక్’తో దశాంశాలు కోసేయండి. ‘మ్యాథ్.ఫ్లోర్’ వాడితే రుణ సంఖ్యల్లో -1.5 కాస్తా -2 అవుతుంది, గంటన్నర నాటి ప్రకటన రెండు గంటలదైపోతుంది.

భాష కోడ్ విషయంలో ఇంకో హెచ్చరిక. తెలుగు కదా అని కొందరు ‘టీ ఎల్’ రాస్తున్నారు. అది ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే తగలాగ్ భాషది.

‘5 నిమిషాలు క్రితం’, ‘5 నిమిషాల క్రితం’ రెండింటిలో ఏది సరైనది?

రెండోదే. ‘క్రితం’, ‘కిందట’ వంటి మాటల ముందు ‘నిమిషాలు’ కాస్తా ‘నిమిషాల’ కావాలి, ‘గంటలు’ ‘గంటల’ కావాలి, ‘ఏళ్లు’ ‘ఏళ్ల’ కావాలి. కొన్ని పాత లైబ్రరీలు కాలాన్ని ఒక ముక్కగా, ‘క్రితం’ను మరో ముక్కగా దాచుకొని రెండింటినీ అతికిస్తాయి. ఇంగ్లిషులో ఆ అతుకు కనబడదు, తెలుగులో పంటి కింద రాయిలా తగులుతుంది. ‘రోజులు క్రితం’ అని ఏ సైటులోనైనా కనిపించిందంటే ఆ లైబ్రరీ తెలుగును ముక్కలుగా దాచుకుందని అర్థం. బ్రౌజర్‌లోని సాధనం మొత్తం పదబంధాన్ని ఒకటిగా దాచుకుంటుంది కాబట్టి ఆ చిక్కు లేదు. ఏకవచనానికి ఒకటి, మిగతా అన్నిటికీ ఒకటి, తెలుగుకు రెండే రూపాలు చాలు.

రాబోయే కాలానికి మాత్రం దాన్ని నమ్మను. 5 రోజుల తరవాత జరిగే సభకు అది ‘5 రోజుల్లో’ అని ఇస్తుంది. తెలుగులో ‘5 రోజుల్లో’ అంటే ‘ఈ ఐదు రోజుల లోపల ఎప్పుడైనా’ అన్న అర్థం ముందు తడుతుంది. ‘5 రోజుల్లో డబ్బు కడతాను’ అన్న మాటను గుర్తు తెచ్చుకోండి. అందుకే సభలు, జాతరలకు ‘ఇంకా 5 రోజులు ఉంది’ అని వాక్యం నేనే రాసుకున్నాను. రెండు రోజుల వరకు ‘రేపు’, ‘ఎల్లుండి’ సాధనమే ఇస్తుంది, అవి బాగానే ఉంటాయి.

మరో చిన్న మెరుగు. 25 నుంచి 35 నిమిషాల మధ్య ఉంటే ‘అరగంట క్రితం’, 80 నుంచి 100 మధ్య ఉంటే ‘గంటన్నర క్రితం’ అని చూపిస్తాను. ఏ సాధనమూ ఇది ఇవ్వదు, రెండు వరుసల కోడ్ మీరే రాసుకోవాలి. మా సైటు ‘మనిషి రాసినట్టుంది’ అని ఒకరు మెచ్చుకున్నారు, ఆ రెండు వరుసల వల్లే అనుకుంటాను.

‘నిన్న’ అంటే 24 గంటలా? రాత్రి దాటగానేనా?

అర్ధరాత్రి దాటగానే. సోమవారం రాత్రి 11:40కి వేసిన ప్రకటనను మంగళవారం ఉదయం ఆరింటికి చూస్తే గడిచింది ఆరు గంటల ఇరవై నిమిషాలే. అయినా అది నిన్నటిదే. 24 గంటల లెక్క వేసే కోడ్ మంగళవారం రాత్రి 11:40 దాకా దాన్ని ‘నిన్న’ అననే అనదు. బుధవారం సాయంత్రం చూసినా ఇంకా ‘నిన్న’ అనే అంటుంది. అప్పటికి అది మొన్నటిది.

రోజుల తేడాకు తేదీలను తీసివేయాలి, గంటలను కాదు. మన దేశంలో వేసవికో చలికాలానికో గడియారం మార్చే అలవాటు లేదు కాబట్టి సులువైన దారి ఉంది. యూటీసీ సెకన్లకు 19,800 కలిపి 86,400తో భాగించి దశాంశాలు వదిలేయండి. రెండు క్షణాలకూ ఇలా చేసి తేడా తీస్తే 0 అంటే ఈ రోజు, 1 అంటే నిన్న, 2 అంటే మొన్న. మీ పాఠకుల్లో దుబాయ్, అమెరికా వాళ్లు ఉంటే ఈ కిటుకు పనికిరాదు. అప్పుడు బ్రౌజర్ సమయ ప్రాంతంతోనే లెక్క వేయాలి.

ఉదయం చూసేవాళ్లకు ‘నిన్న రాత్రి 11:40’ అనవచ్చు. మనం మాటల్లో ‘రాత్రి’ అనే అంటాం: ‘రాత్రి ఫోను చేశాను, ఎత్తలేదు’. అర్ధరాత్రి ఒంటిగంటకు జరిగినది తేదీ ప్రకారం ఈ రోజుదే, వాడుకలో మాత్రం రాత్రిదే. మన పెద్దల లెక్కలో రోజు మొదలయ్యేది సూర్యోదయంతో కదా. అందుకని రాత్రి 12 నుంచి 4 మధ్య వేసినవాటికి నేను ‘రాత్రి 1:10’ అని మాత్రమే చూపిస్తాను, నిన్న, ఈ రోజు అన్న గొడవే పెట్టను.

‘మొన్న’ గురించి ఒకరు వాదించారు: మాటల్లో అది ‘ఈ మధ్య’ అన్న అర్థంలోనూ వస్తుంది కదా అని. నిజమే. పక్కన సమయం ఉంటే ఆ అనుమానం పోతుంది.

పేజీ తెరిచి ఉంచితే ‘ఇప్పుడే’ అలాగే ఉండిపోతోంది.

టైమర్ పెట్టండి, నిమిషానికి ఒకసారి చాలు. ప్రకటనకో టైమర్ పెట్టకండి. ఒక్క టైమరే పేజీలోని సమయాలన్నిటినీ వరుసగా మార్చాలి. వెనక ఉన్న ట్యాబ్‌లలో టైమర్లను బ్రౌజర్లు నెమ్మదింపజేస్తాయి కాబట్టి పాఠకుడు మళ్లీ ట్యాబ్‌కి వచ్చినప్పుడు ‘విజిబిలిటీఛేంజ్’ సంకేతం పట్టుకొని వెంటనే ఒకసారి మార్చండి. చూపులేనివారి కోసం పేజీని చదివి వినిపించే సాధనాలు ఉంటాయి. ఈ మార్పులను వాటికి ప్రకటించవద్దు. నిమిషానికోసారి ‘6 నిమిషాల క్రితం, 7 నిమిషాల క్రితం’ అని వినిపిస్తే ఎవరికైనా విసుగే.

సర్వర్‌లోనే మాట తయారుచేసి పంపకూడదా?

పేజీని క్యాషేలో దాచే (ఒకసారి తయారైన పేజీనే అందరికీ పంపే) అలవాటు ఉంటే వద్దు. గంట క్రితం దాచిన పేజీ ఇప్పుడు వచ్చినవాడికీ ‘ఇప్పుడే’ అని చెబుతుంది. సర్వర్ నుంచి పూర్తి తేదీనే ‘టైమ్’ ట్యాగులో పెట్టి, దాని ‘డేట్‌టైమ్’ లక్షణంలో యూటీసీ క్షణం ఇచ్చి పంపండి. బ్రౌజర్‌లోని కోడ్ ఆ క్షణాన్ని చదివి మాట మారుస్తుంది. కొండల్లో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండి స్క్రిప్ట్ దిగకపోయినా తేదీ కనిపిస్తుంది. మా పాఠకుల్లో చాలామంది పరిస్థితి అదే.

సర్వర్‌లో ‘టీ ఈ’ ఇచ్చినా ఇంగ్లిషే వస్తోంది.

సర్వర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ పాతది అయి ఉంటుంది. 13వ వెర్షన్ వచ్చేదాకా మామూలు బిల్డ్‌లలో ఇంగ్లిషు భాషా సమాచారమే ఉండేది. కొత్తది పెట్టుకోండి.

ఒడియా, మరాఠీ కూడా చూపించాలి. ఏమైనా చిక్కులున్నాయా?

ఒడియా కోడ్ ‘ఓ ఆర్’. మా సైటులో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. నిన్నకు గతకాలి, రేపటికి ఆసంతాకాలి అని తేడా స్పష్టంగానే ఉంటుంది.

మరాఠీ ప్రశ్న సిరొంచ వైపు నుంచి వచ్చింది. గోదావరి ఒడ్డున అటు కాళేశ్వరం, ఇటు సిరొంచ. గడ్చిరోలి జిల్లా కాగితాలన్నీ మరాఠీలో ఉంటాయి, ఇళ్లలో తెలుగు. కోడ్ ‘ఎం ఆర్’ ఇవ్వగానే అంకెలు దేవనాగరిలోకి మారిపోయాయి, తెలుగు పేజీలో మాత్రం మామూలు అంకెలే ఉన్నాయి, ఎందుకని అడిగారు. అది తప్పు కాదు. మరాఠీకి దేవనాగరి అంకెలే మామూలుగా నిర్ణయించారు, తెలుగుకు 1, 2, 3 నిర్ణయించారు. రెండూ ఒకేలా ఉండాలంటే ‘నంబరింగ్‌సిస్టమ్’ను ‘లాటిన్’ అనే అర్థమిచ్చే ‘ఎల్ ఏ టీ ఎన్’గా పెట్టండి. తెలుగు అంకెలే కావాలన్న అభిమానులు అక్కడే ‘టీ ఈ ఎల్ యు’ పెట్టుకోవచ్చు. పెళ్లిపత్రికలా అందంగా ఉంటుంది, పిల్లలు మాత్రం చదవలేరు.

మరాఠీలో ‘పరవా’ అంటే మొన్న కూడా, ఎల్లుండి కూడా. వాక్యాలు మీరే రాసుకునేటట్లయితే ఆ మాట దగ్గర తేదీ కూడా ఇవ్వండి.

ఫోనులో గడియారం తప్పుగా ఉంటే?

ఉంటుంది. కొందరు గడియారాన్ని కావాలనే పది నిమిషాలు ముందుకు పెట్టుకుంటారు. అలాంటి ఫోనులో కొత్త ప్రకటన కూడా పది నిమిషాల నాటిదిగా కనిపిస్తుంది. గడియారం వెనక ఉంటే ‘3 నిమిషాల్లో’ అని వస్తుంది, అది మరీ విడ్డూరం. సర్వర్ తన జవాబుతో పంపే ‘డేట్’ హెడర్‌ను, అంటే సర్వర్ సమయాన్ని, ఫోను సమయంతో పోల్చి తేడా కలుపుకుంటే రెండూ సర్దుకుంటాయి. క్యాషే నుంచి వచ్చిన జవాబులో హెడర్ కూడా పాతదే కావచ్చు కనుక ఈ పోలికకు కొత్తగా తెచ్చిన జవాబునే వాడండి. అంత ఓపిక లేకపోతే, జరిగిపోయిన సంగతికి లెక్క భవిష్యత్తులోకి పోతే ‘ఇప్పుడే’ అని చూపించేయండి.

తిథుల ప్రకారం చూపించవచ్చా? ‘ఠాకురాణి జాతర ఇంకా ఎన్ని రోజులు’ అని?

ఎన్ని రోజులన్నది చూపించవచ్చు, తిథిని మీ కోడ్‌తో లెక్కించే ప్రయత్నం మాత్రం వద్దు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణం, 24 గంటల ముక్క కాదు. బరంపురం బుఢీ ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి వస్తుంది. పోయినసారి తేదీకి 730 రోజులు కలిపి చూపించిన సైటుకు ఏమి జరిగిందో చెప్పనక్కర్లేదు. తేదీ ప్రకటించాక చేత్తో నమోదు చేయండి.

తెలుగు మాటలు పొడుగు, ఫోను తెరలో పట్టడం లేదు.

‘స్టైల్’ను ‘షార్ట్’ చేస్తే ‘5 నిమి. క్రితం’, ‘3 గం. క్రితం’ అని వస్తుంది. పట్టికల్లో సరే. ప్రకటనల్లో మాత్రం నేను పూర్తి మాటే ఉంచి అక్షరాల సైజు తగ్గిస్తాను. పూర్తి తేదీని ‘టైటిల్’ లక్షణంలో దాచి చేతులు దులుపుకోకండి. మౌస్ పెడితేనే అది కనిపిస్తుంది, ఫోనుకు మౌస్ లేదు. మాటను తాకితే తేదీ కనిపించేలా చేయండి.

2038 సమస్య మన సైటుకూ వస్తుందా?

క్షణాన్ని 32 బిట్ల సెకన్ల అంకెగా దాచితే వస్తుంది. మన సమయం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8:44:07 దాకా సరిగ్గా నడిచి, మరుసటి సెకనులో 1901 డిసెంబరుకు దూకుతుంది. జావాస్క్రిప్ట్ తేదీలకు ఈ బెడద లేదు. మైఎస్‌క్యూఎల్‌లోని ‘టైమ్‌స్టాంప్’ కాలమ్ మాత్రం ఆ క్షణం దాటిన తేదీని తీసుకోదు. పుట్టిన పిల్లలకు పద్దెనిమిదేళ్లు ఎప్పుడు నిండుతాయో దాచుకునే సంఘాలు ఇప్పటికే ఆ గోడకు తగులుతున్నాయి. ఆ కాలమ్‌ను ‘డేట్‌టైమ్’గా మార్చి, అందులో యూటీసీయే దాచండి.